వద్దులెండి గారి ఒక్క నిమిషం

మా నాన్న జీవితమంతా గుడ్డల కొట్టులో కౌంటరు వెనక నిలబడి బతికారు. కొట్టులో అందరూ ఆయన్ని ‘వద్దులెండి గారు’ అని పిలిచేవారు. అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తొచ్చేది కాదు.

ఆ పేరు ఆయన అమ్మే పద్ధతిని బట్టి వచ్చింది. సూటు గుడ్డ కోసం ఎవరో పెద్దమనిషి వచ్చాడనుకోండి. నాన్న ముందు రెండు మూడు తానులు ఎత్తి బల్ల మీద దొర్లించేవారు. గుడ్డ చుట్ట విప్పుకుంటూ, దబదబమని మోగుతూ, వచ్చినాయన చేతుల దాకా వెళ్ళి ఆగేది. ఆ గుడ్డల్ని తెగ మెచ్చుకునేవారు. తరవాత, తను నిజంగా అమ్మదలుచుకున్న తానుని అరలోంచి సగం లాగి, పొరపాటున చెయ్యి తగిలినట్టు మళ్ళీ లోపలికి తోసేసేవారు.

“అదేమిటయ్యా?” అనేవాడు వచ్చినాయన.

“అది మీకు వద్దులెండి.”

అంతే. ఇక నోరు విప్పేవారు కాదు. రెండు అరచేతులూ బల్ల మీద బోర్లించి, ఎదుటి గోడకేసి చూస్తూ నిలబడేవారు. అసలు వ్యాపారమంతా ఆ నిలబడటంలోనే ఉంది. వచ్చినాయనకి ముందు కుతూహలం పుట్టేది, తరవాత పౌరుషం. “నాకెందుకు వద్దు? ముందు నువ్వు తియ్యవయ్యా బాబూ!” అనేవాడు. కత్తెర పడి, గుడ్డ పొట్లమై ఆయన చంకలోకి చేరేదాకా నాన్న మొహంలో సంతోషమన్నది కనబడేది కాదు.

ఇది పాత షావుకారు నేర్పిన విద్య. అమ్మాలని ఉన్నట్టు నీ మొహంలో కనబడిందా, వచ్చినవాడు మెట్లు దిగిపోతాడు అని చెప్పాడట. నాన్న ఆ పాఠం ఎంత బాగా నేర్చుకున్నారంటే, కొట్టు కట్టేశాక కూడా అది ఆయన్ని వదిలేది కాదు.

ఆయన పోయాక ఇది రాస్తున్నాను. ఉండగా రాస్తానని ఒకసారి అంటే, “నా గురించి ఎందుకులే తల్లీ,” అన్నారు. ఆ మాటకి రాయొద్దని అర్థమో, తప్పకుండా రాయమని అర్థమో ఇప్పటికీ తేల్చుకోలేకుండా ఉన్నాను.

షావుకారు ముసలివాడై కొట్టుని ఒక పెద్ద కంపెనీకి అమ్మేశాడు. కంపెనీవాళ్ళు గోడలకి అద్దాలు పెట్టారు, పాత బల్లలు తీసి కొత్తవి వేయించి, నేలకి కొత్త రాళ్ళు పరిపించారు. తరవాత పనివాళ్ళని కూర్చోబెట్టి ఒక సంగతి చెప్పారు. ఇకమీదట కౌంటరులో ఉండేవాళ్ళకి ఇంగ్లిషు రావాలి. కంప్యూటరు ముందు కూర్చుని రాసే పరీక్ష ఒకటుంది, అందులో ఫలానా మార్కు తెచ్చుకున్నవాళ్ళు కౌంటరులో ఉంటారు. తక్కినవాళ్ళు గోడౌనుకి. జీతం ఒకటే, ఎవరినీ తీసెయ్యం, అని కూడా చెప్పారు.

జీతం ఒకటే అన్న మాట వినగానే అమ్మ ఊపిరి పీల్చుకుంది. నాన్న మాత్రం ఆ రాత్రి అన్నం కెలికి వదిలేశారు. గోడౌను అంటే ఊరి చివర కిటికీల్లేని షెడ్డు. అక్కడికి లారీలు వస్తాయి, మూటలు దిగుతాయి, మూటలు ఎక్కుతాయి. మనిషి రాడు. ఎదురుగా మనిషి లేకపోతే నాన్న చేతులకి ఏం పనో నాకూ తోచలేదు.

పరీక్ష పుస్తకం కొని తెచ్చుకున్నారు. అది ఎవరి కంటా పడకుండా కొట్టు కాగితంలో చొక్కా గుడ్డలా పొట్లం కట్టి, దారం చుట్టి తెచ్చారు. అట్ట మీద నవ్వుతున్న పిల్లల బొమ్మ ఉంది, అందరూ పాతికలోపు వాళ్ళే. నాన్న ఆ బొమ్మని బల్లకేసి తిప్పి పెట్టి చదివేవారు.

నేనప్పుడు కాలేజీలో ఉన్నాను. ఆయనకి చదువు చెప్పే పని నాకు పడింది. చదవడం, వినడం, రాయడం ఎలాగో సర్దుకున్నాయి. కొట్టుకొచ్చే రకరకాల మనుషులతో మాట్లాడీ మాట్లాడీ ఆయనకి ఇంగ్లిషు చెవికి పట్టింది. బొమ్మ చూసి వర్ణించమంటే అదరగొట్టేవారు. పార్కులో కూర్చున్న కుటుంబం బొమ్మ చూపిస్తే చెట్లూ పిల్లలూ వదిలేసి, తండ్రి వేసుకున్న చొక్కా ఏ నూలో, అది ఉతికితే ఎంత కుంచించుకుపోతుందో చెప్పేవారు. ఏదైతేనేం, మాటలు వచ్చేవి.

చిక్కల్లా ఒప్పించే ప్రశ్న దగ్గర వచ్చింది. అందులో రెండు వస్తువులు చూపిస్తారు. మనం ఒకటి ఎంచుకోవాలి. ఇంట్లోవాళ్ళెవరో రెండోది కావాలంటారు. మనకి నచ్చినదే కొనేలా వాళ్ళని ఒప్పించాలి. ఒక్క నిమిషం, ఆపకుండా, మైకులో.

మొదటి రోజు తెరిచిన పేజీలో రెండు బల్లలు ఇచ్చారు. ఒకటి గుండ్రంది, ఒకటి పొడుగుది. నాన్న గుండ్రంది ఎంచుకున్నారు. ఆ ప్రశ్నలో నేను పొడుగుది కావాలనే చెల్లెల్ని.

“ఊఁ, మొదలుపెట్టు నాన్నా.”

నాన్న గొంతు సవరించుకున్నారు. “లాంగ్ టేబుల్ వెరీ గుడ్. యు టేక్ లాంగ్ టేబుల్. రౌండ్ టేబుల్ నాట్ ఫర్ యు.” అని, రెండు అరచేతులూ బోర్లించి గోడకేసి చూస్తూ కూర్చున్నారు.

నేను కాసేపు ఆగాను. “మాట్లాడు నాన్నా, టైమైపోతోంది.”

“ఉండవే, ఇప్పుడు మాట్లాడితే బేరం పోతుంది.”

“ఇది బేరం కాదు నాన్నా. అక్కడ ఎదురుగా ఎవరూ ఉండరు. మిషను ఉంటుంది.”

“అది వింటుందిగా?”

“వింటుంది. కానీ ‘అయితే ఆ గుండ్రందే ఇవ్వండి’ అనదు.”

నాన్న మొహం మాడిపోయింది. ఆ సంగతి ఆయనకి తట్టినట్టు లేదు.

వంటగది గుమ్మంలో నిలబడి చూస్తున్న అమ్మ ఫక్కున నవ్వింది. “మిషనుకి నాకున్నంత మొహమాటం ఎక్కడిది లెండి. నేనైతే పాపం అని చెయ్యి చాపేదాన్ని.”

“నువ్వెప్పుడు చాపావు?” అన్నారు నాన్న.

“ఎప్పుడేమిటి? ఈ ఇల్లు అద్దెకి తీసుకున్నప్పుడు వీధివైపు వాటా తీసుకుందామని నేను మోజుపడలేదూ? మీకేమో పెరటివైపు వాటా మీద కన్ను. ఏమన్నారు అప్పుడు? ‘వీధివైపే బాగుంది, పెరటివైపు మనకెందుకులే’ అని మూతి బిగించుకు కూర్చున్నారు. నాలుగు రోజులు ఆ మౌనం చూడలేక నేనే కదా ‘పెరటివైపే తీసుకుందామండీ’ అన్నాను?”

“నీకే నచ్చిందనుకున్నాను.”

“అనుకున్నారు. పిల్ల బడి విషయంలోనూ అంతే, మంచం కొన్నప్పుడూ అంతే.”

“అయితే, అన్నిసార్లూ తెలిసే ఒప్పుకున్నావా?”

“తెలియకేం! తెలియకపోతే మీతో ఇన్నాళ్ళు కాపురం చేసేదాన్నా?” అని అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ మామూలు వేళాకోళమే అది. పొయ్యి మీద ఏదో పొంగితే ఆ ధ్యాసలో పడిపోయింది.

నాన్న అక్కడే కూర్చుండిపోయారు. మెడ దగ్గర మొదలై చెవుల దాకా ఎర్రబడటం నేను చూశాను. జేబు దొంగని పట్టుకుని, పోనీలే పాపం అని వదిలేస్తే ఎలా ఉంటాడో అలా ఉన్నారు. ఇన్నేళ్ళూ ఇంట్లో తను గెలుస్తున్నానని ఆయన నమ్మకం. ఆ గెలుపులన్నీ అమ్మ చేసిన దానాలని ఒక్క నిమిషంలో తెలిసిపోయింది, అదీ కూతురి ఎదుట.

“ఇంకో ప్రశ్న చూద్దామా?” అన్నాను.

“ఇవాళ్టికి చాల్లే,” అన్నారు పుస్తకం మూసేస్తూ.

మర్నాటి నుంచి పట్టుదలగా కూర్చున్నారు గానీ, నోరు మాత్రం రావడం లేదు. నాకిది కావాలి, ఎందుకంటే, అని మొదలుపెట్టమన్నాను. ఆ ‘ఐ వాంట్’ అన్న రెండు ముక్కలు అనడానికి ఆయన పడ్డ అవస్థ ఇంతా అంతా కాదు. ‘ఐ’ దాకా వచ్చేవారు. తరవాత దగ్గు వచ్చేది, లేకపోతే మంచినీళ్ళు కావలసి వచ్చేది.

“ఏముంది నాన్నా అందులో? కావాలి అనేగా.”

“నాకు కావాలి అని ఎదుటివాడి మొహం మీద ఎలా అంటామే? నడిబజార్లో చొక్కా విప్పుకున్నట్టుంటుంది.”

“బల్లే కదా అడుగుతున్నది.”

“బల్లయినా అంతే.”

చివరికి స్నానాల గదిలో సాధన మొదలుపెట్టారు. పంపు ధారగా వదిలి, ఆ చప్పుడు చాటున బల్లల కోసం, కుర్చీల కోసం, ఎన్నడూ చూడని సముద్రపు ఒడ్డు హోటళ్ళ కోసం వాదించేవారు. పక్కవాటాలో గడియారాలు బాగుచేసే ఆయన ఉండేవాడు. ఒకరోజు మెట్ల మీద కనబడి, “ఏమండీ, పొద్దున్నే స్నానాల గదిలో ఎవరినో దులిపేస్తున్నారు, పంపు బాగుచేసేవాడినా?” అన్నాడు. నాన్న నవ్వబోయి నవ్వలేక, చెప్పుల కోసం వెతుకుతున్నట్టు వంగి లోపలికి వచ్చేశారు. మర్నాడు పంపు మరికాస్త గట్టిగా తిప్పారు.

కొట్టులో బిల్లులు కొట్టే అమ్మాయి అప్పటికే పరీక్ష ప్యాసయింది. నాన్న దగ్గరే పని నేర్చుకున్న పిల్ల. ‘గురువుగారూ’ అని పిలిచేది. “గురువుగారూ, ఒప్పించడం మీకో లెక్కా? మీరు రాళ్ళని కూడా ఒప్పిస్తారు. ఆ ప్రశ్నలో మీకు నిండా మార్కులే చూడండి,” అని అందరి ముందూ అన్నదట. ఆ మాట ఇంటికొచ్చి మాకు చెబుతూ నాన్న చొక్కా గుండీలు విప్పడం మరిచిపోయి అలాగే మంచం మీద కూర్చున్నారు. అభిమానంతో అన్న మాటే గానీ, ఆయనకి అది మెడలో బండలా వేలాడింది.

పరీక్ష రోజు సంగతి ఆయనే తరవాత ముక్కలు ముక్కలుగా చెప్పారు. గదంతా అట్టల అడ్డాలతో గూళ్ళు కట్టి ఉందట. ఒక్కొక్క గూట్లో ఒక్కొక్క పిల్లో పిల్లాడో చెవులకి తొడుగులు పెట్టుకుని, అందరూ ఒకేసారి మాట్లాడటం. బొమ్మల ప్రశ్నలు బాగానే వెళ్ళాయి. ఒప్పించే ప్రశ్నలో పెళ్ళికి ఇవ్వడానికి రెండు కానుకలు చూపించారు. నాన్న దీపం ఎంచుకున్నారు. తెర మీది బంధువుకి గోడ గడియారం కావాలి.

“ఐ వాంట్ దిస్ ల్యాంప్ అన్నానమ్మా. నిజం, అన్నాను. బికాజ్ అని కూడా అన్నాను.”

సరిగ్గా అప్పుడే పక్కగూట్లో ఒక ఆడపిల్ల గట్టిగా, గలగలా, నాకిదే కావాలి, నా మాట విను, అని వాదించడం వినబడిందట. అంత చిన్నపిల్ల అంత ధైర్యంగా అడుగుతుంటే తన గొంతు తనకే ముష్టివాడి గొంతులా వినిపించింది. దాంతో నాలుక పాత దారి పట్టింది. “క్లాక్ ఈజ్ ఆల్సో గుడ్. యు టేక్ క్లాక్,” అన్నారు. అని, చేతులు బోర్లించారు. తెర మీద టైము చూపించే గీత తగ్గుతూ తగ్గుతూ ఆఖరికి మాయమైపోయింది.

“అది తగ్గుతుంటే చూస్తూనే ఉన్నానే. ఇంకాసేపట్లో ఆ మిషనే అడుగుతుందేమో అనిపించింది.” ఈ మాట చెప్పి నాన్న నా మొహం చూడలేదు.

మార్కు కొద్దిలో పోయింది. తక్కినవన్నీ గట్టెక్కాయి, ఆ నిమిషమే ముంచింది. కొట్టులో మార్కుల కాగితం అతికిస్తే, వద్దులెండి గారు ఒప్పించడంలో తప్పారని తెలిసి కొందరు నవ్వారు, కొందరు నవ్వకుండా తల తిప్పుకున్నారు. నవ్వినవాళ్ళే నయమన్నారు నాన్న.

అయినా కథ అక్కడితో అయిపోలేదు. బిల్లుల అమ్మాయి ఆ సాయంత్రం మా ఇంటికి పరిగెత్తుకొచ్చింది.

“గురువుగారూ, మేనేజరుతో మాట్లాడాను. మనిషి మంచివాడే. తప్పినవాళ్ళలో ఒక్కరిని కౌంటరులో ఉంచుకునే వీలు ఆయన చేతిలో ఉందిట. రేపు సాయంత్రంలోగా పేరు పంపించాలి. ‘ఆయన వచ్చి నాకు కౌంటరు కావాలి అని ఒక్క మాట అడిగితే రాసేస్తా’నన్నాడు. తెలుగులోనే అడగండి, ఇంగ్లిషు కూడా అక్కర్లేదు.”

“నువ్వే చెప్పకపోయావా తల్లీ?” అన్నారు నాన్న.

“చెప్పాను. ఆయనకి ఇష్టమో కాదో ఆయన నోటితో వినాలి అంటున్నాడు. అడుగుతారుగా? నా మీద ఒట్టు.”

“అడుగుతారమ్మా, ఎందుకడగరూ,” అంది అమ్మ.

మర్నాడు నాన్న నన్ను తోడు రమ్మన్నారు. “నువ్వు ఊరికే పక్కన కూర్చో. నువ్వుంటే అనగలను,” అన్నారు. దారి పొడుగునా పెదవులు కదుపుతూనే ఉన్నారు. కౌంటరు కావాలండీ, కౌంటరు కావాలండీ.

మేనేజరు నాన్నకంటే బాగా చిన్నవాడు. లేచి నిలబడి కుర్చీ చూపించాడు. మంచినీళ్ళు తెప్పించాడు. మేము వచ్చిన పని తెలుసు కాబట్టి, దారి సుళువు చేద్దామనే కాబోలు, తనే మొదలుపెట్టాడు. “చెప్పండి, మొహమాటపడకండి. మీకేం కావాలి?”

అలా సూటిగా అడగడమే మా కొంప ముంచింది. నాన్న గ్లాసు పట్టుకున్నారు, వదిలేశారు. నా వైపు చూశారు. మెడ మీద ఆ ఎరుపు మళ్ళీ పైకి పాకడం మొదలైంది.

“నాకేం కావాలండీ,” అన్నారు. “గోడౌను మాత్రం తక్కువా? నీడపట్టున ఉంటుంది. ఈ వయసులో నాకు కౌంటరెందుకులెండి.”

అని, రెండు అరచేతులూ ఆ అద్దాల బల్ల మీద బోర్లించి, మేనేజరు వెనకున్న గోడకేసి చూడసాగారు.

ఆయన ఏం చేస్తున్నారో నాకు తెలుసు. కొట్టులో పాతవాళ్ళెవరికైనా తెలిసేది. ఆ బల్ల అవతల కూర్చున్నవాడికే తెలియదు.

మేనేజరు కాసేపు నాన్నకేసే చూశాడు. తరవాత మొహం విప్పారింది. “హమ్మయ్య! మీరేమనుకుంటారో అని రాత్రంతా మథనపడ్డానండీ. మనసులో మాట చెప్పేశారు, చాలా సంతోషం. అయితే ఆ చోటు పరదాల విభాగంలో ఉన్నాయన అడుగుతున్నాడు, అతనికి రాసేస్తాను.”

“సార్, అది కాదండీ,” అన్నాను.

బల్ల కింద నాన్న నా చెయ్యి పట్టుకుని నొక్కారు. నొక్కడం కాదు, వేళ్ళు విరిగేంత పట్టు.

“ఏమ్మా?” అన్నాడు మేనేజరు.

“ఏం లేదండీ. అమ్మాయికి కాలేజీకి టైమవుతోంది,” అన్నారు నాన్న, లేస్తూ.

వీధిలోకి వచ్చి చాలా దూరం నడిచాం. మూసి ఉన్న ఒక మందుల షాపు దగ్గర నాన్న ఆగిపోయారు. అలిసిపోయారేమో, మెట్టు మీద కూర్చుంటారేమో అనుకున్నాను. కూర్చోలేదు. నా వైపు తిరిగి, నిటారుగా నిలబడి, ఇంగ్లిషులో మొదలుపెట్టారు.

“ఐ వాంట్ కౌంటర్,” అన్నారు.

దారినపోయేవాళ్ళు చూస్తున్నారు. నాన్న పట్టించుకోలేదు. తనకి కౌంటరు కావాలన్నారు. ఎందుకంటే తన చేతులకి ఆ పని తప్ప ఇంకోటి రాదన్నారు. లోపలికి వచ్చే మనిషి నడక చూసి వాడు పెళ్ళికి కొంటున్నాడో చావుకి కొంటున్నాడో చెప్పగలనన్నారు. గోడౌనులో నడిచేవాళ్ళు ఉండరన్నారు. తనకి ఎండ కావాలి, తలుపు తెరుచుకున్నప్పుడు మోగే గంట కావాలి, ‘ఏమయ్యా, పోయినసారి ఇచ్చిన గుడ్డ వెలిసిపోయిందే’ అని పోట్లాడేవాళ్ళు కావాలి. నీ గోడౌను మంచిదే కావచ్చు, కానీ నేను అక్కడ ఉండలేను, దయచేసి నా మాట విను, అన్నారు. క్రియలు తప్పాయి, మాటలు అటూ ఇటూ పడ్డాయి, రెండుచోట్ల తెలుగు దొర్లింది. కానీ ఎక్కడా ఆగలేదు. నిమిషం కంటే ఎక్కువే మాట్లాడి ఉంటారు. కారణాలూ, ఎదుటివాడి మాటకి జవాబూ, చివర్న విన్నపమూ, పుస్తకంలో ఏమేం ఉండాలన్నారో అన్నీ ఉన్నాయి అందులో.

నాకు ఏడుపొచ్చింది. ఆయన చెయ్యి పట్టుకుని లాగాను. “పద నాన్నా, వెనక్కి వెళ్దాం. ఇదే, ఇప్పుడు నాతో అన్నదే ఆయనతో చెప్పు. ఇంకా పంపించి ఉండడు. సాయంత్రం దాకా టైముందిగా.”

నాన్న రెండడుగులు వేశారు కూడా. తరవాత ఆగిపోయారు.

“ఇప్పుడు వెళ్ళి కావాలంటే, ఇందాక వద్దన్నది నాటకమని తెలిసిపోదూ?”

“తెలిస్తే తెలియనీ.”

“మర్యాదగా లేచి నిలబడ్డాడే ఆ అబ్బాయి. నన్ను నమ్మాడు. అతని మొహం ఎలా చూడను?” అన్నారు. “మీ అమ్మకి తెలిసింది చాలు.”

ఎంత బతిమాలినా కదల్లేదు. బస్సు వచ్చింది, ఎక్కాం.

ఇంటికి రాగానే అమ్మ గుమ్మంలోకి ఎదురొచ్చింది. “ఏమైంది? రాసేశాడా?”

“నేనే గోడౌను కావాలన్నాను,” అన్నారు నాన్న చెప్పులు విప్పుతూ. “నీడపట్టున ఉంటుంది. ఈ వయసులో రోజంతా నిలబడలేకపోతున్నానని.”

అమ్మ నా వైపు చూసింది. నా కళ్ళు ఇంకా ఆరలేదు. ఆవిడ నాలుక ఎంత పదునైనదో నాకు తెలుసు కాబట్టి, ఇప్పుడేదో అంటుందని బిక్కుబిక్కుమంటూ నిలబడ్డాను.

“మంచి పని చేశారు,” అంది అమ్మ. “ఆ నిలబడటాలతో కాళ్ళు వాచిపోతున్నాయని నేనే చెబుదామనుకుంటున్నాను.”

గొంతులో ఎక్కడా తేడా లేదు. నాన్న నమ్మేలా అంది. కానీ అమ్మ అన్నీ తెలిసే ఒప్పుకుంటుందని ఆయనకి ఇప్పుడు తెలుసు. ఆ రాత్రి భోజనాల దగ్గర అమ్మ వడ్డిస్తున్నంతసేపూ ఆయన తలెత్తలేదు. ఏం పెట్టినా చాలనలేదు, వద్దనలేదు.

“గోడౌనులో పొద్దుటిపూట చలిగా ఉంటుందట కదండీ,” అంది అమ్మ, కాసేపయ్యాక. “పెట్టె అడుగున ఊలు చొక్కా ఉంది. తీసి ఎండలో పెడతాను.”

“పెట్టు,” అన్నారు నాన్న, పళ్ళెంలోంచి కళ్ళు తీయకుండానే.